విదేశీ పాఠశాలతో కలిసి ఫ్లోరైడ్ ప్రాజెక్టు: ఈసారైనా మధ్యలో ఆగిపోకుండా ఎలా చేయాలి?

ప్రశ్న
ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. వచ్చే విద్యా సంవత్సరంలో మా తొమ్మిదో తరగతి పిల్లల చేత, మరో దేశంలోని ఉన్నత పాఠశాలతో కలిసి ఒక ఉమ్మడి ప్రాజెక్టు చేయించాలని అనుకుంటున్నాను. ఇది నాకు మొదటి ప్రయత్నం కాదు. ఒకసారి చేతులు కాల్చుకున్నాను కాబట్టే ఈసారి ముందుగా అడుగుతున్నాను.

మూడేళ్ల కిందట ఒక యూరప్ దేశపు పాఠశాలతో మాకు పరిచయం కుదిరింది. మేము జూలైలో మొదలుపెడదామంటే వాళ్లకు వేసవి సెలవులు. వాళ్ల బడి సెప్టెంబరులో తెరిచి కుదురుకునే సమయానికి మాకు దసరా సెలవులు వచ్చాయి. చివరకు నవంబరులో ఒక వీడియో కాల్ జరిగింది. ఐఎఫ్‌పీ ప్యానెల్ (తరగతి గదిలోని పెద్ద డిజిటల్ తెర) ముందు యాభై రెండు మందిని కూర్చోబెట్టాం. మా పిల్లలు బతుకమ్మ ఆడి చూపించారు, వాళ్లు వయొలిన్ వాయించారు. నలభై నిమిషాల్లో పావుగంట 'వినిపిస్తోందా, కనిపిస్తోందా' అనడంతోనే గడిచిపోయింది. ఆ తర్వాత అక్కడి ఉపాధ్యాయురాలు వేరే బడికి వెళ్లిపోయారు, మేము రాసిన రెండు ఉత్తరాలకు జవాబు రాలేదు. మా పిల్లలు ఆ రోజును టీవీలో చూసిన కార్యక్రమాన్ని తలచుకున్నట్లు తలచుకుంటారే తప్ప, దానివల్ల తాము ఏదైనా నేర్చుకున్నామని ఒక్కరూ చెప్పలేరు. తప్పు వాళ్లదని నేను అనడం లేదు. చేయడానికి పనంటూ లేని చోట ఎవరైనా ఎన్నాళ్లని మాట్లాడతారు?

ఈసారి పని నుంచి మొదలుపెట్టాలని నా ఆలోచన. మా మండలంలో ఇళ్లకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నా, పొలాల దగ్గర, పశువుల కొట్టాల దగ్గర పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడ్ ఉన్న బోర్లు అలాగే ఉన్నాయి, నల్లా రాని రోజున ఆ నీళ్లే తాగేవాళ్లూ ఉన్నారు. గత జనవరిలో పంచాయతీకి ఇచ్చిన నీటి పరీక్ష కిట్ అడిగి తెచ్చుకుని, పిల్లలతో పదకొండు బోర్ల నీళ్లు పరీక్ష చేయించాను. గొట్టంలో నీళ్లు పోసి, జిర్కోనియం కలిసిన రంగు ద్రావణం చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు తగ్గి పసుపు వైపు మళ్లుతుంది. ఆ రంగును కార్డుమీది రంగులతో పోల్చి చూసుకోవాలి. ఒక అమ్మాయి వేపచెట్టు కింద నిలబడి గొట్టాన్ని తెల్లకాగితానికి ఆనించి '1.5' అన్నది. అదే గొట్టాన్ని ఎండలోకి తీసుకెళ్లిన అబ్బాయి '2 దాటింది' అన్నాడు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు, నేను తీర్పు చెప్పలేకపోయాను. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. అంటే ఆ ఇద్దరి మధ్య తేడా ఆ బోరు తాగడానికి పనికొస్తుందా రాదా అన్నంత పెద్దది.

ఇటువంటి సమస్యే ఉన్న మరో దేశపు పిల్లలతో కలిసి ఈ పని చేస్తే బాగుంటుందని అప్పుడే అనిపించింది. అటువంటి పాఠశాలను ఎక్కడ వెతకాలి, సిలబస్ నడుస్తుండగా దీనికి సమయం ఎలా దొరకబుచ్చుకోవాలి, ఎవరెవరి అనుమతులు కావాలి, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయడానికి తడబడే పిల్లలతో ఉత్తర ప్రత్యుత్తరాలు ఎలా నడపాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


జవాబు 1
గణిత ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్

సార్, మీ మొదటి ప్రయత్నం గురించి చదువుతుంటే మాదే చదివినట్లు ఉంది. రెండోసారి మాకు కలిసొచ్చిన విషయం ఒక్కటే: అవతలి వాళ్ల లెక్క లేకపోతే మన లెక్క పూర్తి కాని పనిని ఎంచుకున్నాం. మేము చేసింది చాలా పాత ప్రయోగం. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ నీడల కొలతలతో భూమి చుట్టుకొలత కట్టిన పద్ధతినే టాంజానియాలోని అరూషా ప్రాంతపు పాఠశాలతో కలిసి మళ్లీ చేశాం.

మార్చి 20న, రాత్రీ పగలూ సమానంగా ఉండే రోజున, మీటరు పొడవు కర్రను నిటారుగా పాతి, సూర్యుడు నడినెత్తికి వచ్చే సమయంలో నీడ కొలవాలి. మన గడియారంలో పన్నెండు కొట్టినంత మాత్రాన అది నడిమధ్యాహ్నం కాదన్నది పిల్లలకు మొదటి ఆశ్చర్యం. మన దేశపు సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది, పాలమూరు 78 డిగ్రీల దగ్గర ఉంది, అందువల్ల ఆ రోజు మాకు సూర్యుడు నడినెత్తికి వచ్చేది సుమారు 12 గంటల 25 నిమిషాలకు. అప్పటికే ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. పన్నెండున్నరకు గంట కొడితే పిల్లలు పళ్లేలు పట్టుకుని భోజనానికి పరుగెత్తే సమయమది. ఆ అయిదు నిమిషాల కోసం వంట చేసే అక్కలను ముందురోజే బతిమాలుకున్నాం.

మా నీడ సరిగ్గా 30 సెంటీమీటర్లు వచ్చింది, కర్రకూ సూర్యకిరణానికీ మధ్య కోణం దాదాపు 16.7 డిగ్రీలు. వాళ్లది 6 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ, కోణం దాదాపు 3.4 డిగ్రీలు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణ దూరాన్ని పటం మీద కొలిస్తే సుమారు 2,230 కిలోమీటర్లు. మా పిల్లలు పెద్ద కోణంలోంచి చిన్నకోణం తీసేసి, 13.3 డిగ్రీలకు ఇంత దూరమైతే 360 డిగ్రీలకు ఎంతని లెక్క కట్టారు. చుట్టుకొలత 60,000 కిలోమీటర్లు వచ్చింది. పుస్తకంలో 40,000 అని ఉంది. కర్ర వంగిందన్నారు, టేపు సాగిందన్నారు, అరూషా వాళ్లు తప్పు కొలిచారని కూడా అన్నారు. మూడు రోజుల తర్వాత అక్కడి నుంచి వచ్చిన ఉత్తరంలో ఒక ప్రశ్న ఉంది: 'మీ నీడ ఏ దిక్కుకు పడింది? మాది దక్షిణానికి పడింది.' మాది ఉత్తరానికి. వాళ్లు భూమధ్యరేఖకు దిగువన ఉన్నారు, మనం ఎగువన ఉన్నాం, కాబట్టి రెండు కోణాలను కలపాలి గాని తీసివేయకూడదు. కలిపితే 20.1 డిగ్రీలు, చుట్టుకొలత 40,000కు దగ్గరగా వచ్చింది. ఈ మాట నేనే బోర్డు మీద చెప్పి ఉంటే నోట్‌బుక్కులో రాసుకుని మరిచిపోయేవారు.

ఇక భాగస్వామి పాఠశాల ఎక్కడ దొరుకుతుందన్న విషయం. 1988లో న్యూయార్క్, మాస్కో పాఠశాలలను కలపడంతో మొదలైన ఐఎర్న్ అనే వేదిక నూటికి పైగా దేశాలకు విస్తరించింది. అందులోని లెర్నింగ్ సర్కిల్ పద్ధతి మనలాంటి వారికి బాగా పనికొస్తుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులను ఒక బృందంగా చేసి, కొన్ని నెలల పాటు దశలవారీగా పని నడిపిస్తారు, ఒక బడి మధ్యలో తప్పుకున్నా మిగతావాళ్లు ఉంటారు. పిల్లల చేత పర్యావరణ కొలతలు తీయించే గ్లోబ్ కార్యక్రమం 1995లో మొదలైంది, అందులో మన దేశం 2000 నుంచి ఉంది. అందులో నీటి ఉష్ణోగ్రత, పీహెచ్, నైట్రేట్ల వంటివి ఎలా కొలవాలో అన్ని దేశాలకూ ఒకే పద్ధతి రాసిపెట్టి ఉంటుంది. వేపచెట్టు కింద మీ పిల్లలు పడిన తగవు అటువంటి పద్ధతి లేకపోవడం వల్ల వచ్చిందే. ఈ-ట్విన్నింగ్ గురించి ఎవరైనా చెబితే దానిమీద సమయం వృథా చేసుకోకండి, అది యూరప్ దేశాలు తమ బడుల కోసం నడుపుకుంటున్న వేదిక. పాత స్కైప్ పరిచయాలు కూడా ఇప్పుడు పనికిరావు, 2025 మే నెలలో ఆ సేవనే మూసేశారు.

నా సలహా ఏమంటే, ఫ్లోరైడ్ జోలికి వెళ్లేముందు ఒక్క రోజులో అయిపోయే ఇటువంటి చిన్నపని ఒకటి కలిసి చేయండి. అవతలి వాళ్లు జవాబిచ్చే రకమో కాదో అందులోనే తెలిసిపోతుంది.


జవాబు 2
సూర్యాపేట స్వస్థలం, ప్రస్తుతం దార్ ఎస్ సలాంలో ఉద్యోగం

నేను ఉపాధ్యాయుణ్ణి కాను, కెమికల్ ఇంజనీరును. ఈ చర్చ మా అక్క పంపితే చదివాను. మీరు వెతుకుతున్న 'ఇటువంటి సమస్యే ఉన్న చోటు' నేనున్న దేశంలోనే ఉంది. టాంజానియా ఉత్తర భాగంలో మేరు పర్వతం చుట్టుపక్కల, పైన మేడమ్ గారు చెప్పిన అరూషా ప్రాంతంలో, నీళ్లలో ఫ్లోరైడ్ మన నల్లగొండ కన్నా ఎక్కువగా ఉండే ఊళ్లున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 1.5 మిల్లీగ్రాములే అయినా, అంత తక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీరు దొరక్క ఈ దేశం చాలా ఏళ్లు 8 మిల్లీగ్రాముల దాకా, తర్వాత 4 దాకా అనుమతించింది. కెన్యా, ఇథియోపియాలలోని రిఫ్ట్ లోయ ప్రాంతాలదీ ఇదే కథ.

మీకు ఇంకొక విషయం చెప్పాలి. ఇక్కడి నీటి ఇంజనీర్లతో మాట్లాడుతూ మాది తెలంగాణ అంటే వారికి అర్థం కాలేదు, హైదరాబాద్ అంటే తలాడించారు, నల్గొండ పక్క జిల్లా అనగానే మాత్రం ఒకాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన 'నల్గొండ టెక్నిక్' ఇక్కడికి ఏనాడో వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి అది. అరూషా దగ్గరి న్గుర్దోతో కేంద్రంలో దాన్ని ఇళ్లలో వాడుకునేలా రెండు బకెట్ల పద్ధతిగా మార్చారు. మొదటి బకెట్‌లో పటిక, సున్నం వేసి ముందు వేగంగా, తర్వాత నిదానంగా కలిపి, గంటసేపు తేరనిచ్చి, అడుగు నుంచి అయిదు సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న కుళాయి ద్వారా పైతేట నీటిని రెండో బకెట్‌లోకి వంపుకుంటారు. ఆ అయిదు సెంటీమీటర్లే కీలకం. ఫ్లోరైడంతా అడుగున మడ్డిలో ఉంటుంది, కుళాయి ఇంకాస్త కిందికి పెడితే చేసిన పనంతా వృథా. బొగ్గులా కాల్చిన పశువుల ఎముకలతో వడపోసే పద్ధతి కూడా ఇక్కడ ఉంది, మన దగ్గర దానికి జనం ఒప్పుకోరు.

ఉమ్మడి ప్రశ్నగా నేనైతే ఇది సూచిస్తాను. నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కరగని పదార్థంగా కిందికి దిగిపోతుంది, కాబట్టి కాల్షియం తక్కువగా ఉండి క్షారగుణం ఎక్కువగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ పెరిగే అవకాశం ఉంది. మీ నేల గ్రానైటు రాయి, ఇక్కడిది అగ్నిపర్వతపు రాయి. పుట్టుకలోనే వేరైన ఈ రెండు నేలల్లోనూ ఆ ఒక్క సూత్రమే పనిచేస్తోందా? నీటి కాఠిన్యం చూడటానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఒకే కొలత నీళ్లు, ఒకే కొలత సబ్బు ద్రావణం తీసుకుని, సీసాను ఇరవైసార్లు ఊపి, నురుగు ఎంత ఎత్తు వచ్చిందో స్కేలుతో కొలిస్తే చాలు. నురుగు బాగా వచ్చిన బోర్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందేమో రెండు చోట్లా చూడండి. సమాధానం ఔనని వచ్చినా కాదని వచ్చినా, మీ పదకొండు బోర్లతో మీరొక్కరే తేల్చగలిగే విషయం కాదది. పటిక ప్రయోగం కూడా తరగతిలో చేసి చూపించవచ్చు గాని, అలా తేర్చిన నీళ్లను పిల్లలెవరూ రుచి కూడా చూడకుండా జాగ్రత్తపడండి, మోతాదు తప్పితే అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతుంది.

సమయం విషయానికొస్తే, మన మధ్యాహ్నం రెండు గంటలకు ఇక్కడ పదకొండున్నర, ఇద్దరికీ బడి వేళే. విద్యా సంవత్సరం మాత్రం జనవరిలో మొదలవుతుంది, జూన్‌లోనూ డిసెంబరులోనూ సెలవులుంటాయి. ఫారం టూ, ఫారం ఫోర్ (ఇక్కడి ఉన్నత పాఠశాలలో రెండో, నాలుగో ఏడాది) పిల్లలకు నవంబరులో ప్రభుత్వ పరీక్షలు కాబట్టి ఫారం వన్ లేదా ఫారం త్రీ వాళ్లను అడగండి. మీకూ వాళ్లకూ పూర్తిగా కుదిరేది జూలై మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా.


జవాబు 3
మునుగోడు ప్రాంతపు పూర్వ విద్యార్థి

సార్ ఉద్దేశం మంచిదే, కానీ ఒక మాట చెప్పక తప్పదు. నేను ఇంటర్ చదవడానికి హైదరాబాద్ వెళ్లినప్పుడు, ఊరి పేరు చెప్పగానే హాస్టల్లో నా పళ్లవైపు చూసినవాళ్లున్నారు. నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకునే అలవాటు నాకు అక్కడే మొదలైంది. ఇప్పుడు మరో దేశపు పిల్లలకు కూడా మనం మొట్టమొదట ఫ్లోరైడ్‌తోనే పరిచయం కావాలా? పోచంపల్లి, పుట్టపాక మగ్గాలు ఉన్నాయి. నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్దే ఇటువంటి నేత ఉజ్బెకిస్తాన్, ఇండోనేసియా, జపాన్‌లలో కూడా ఉంది. దానిమీద చేస్తే పిల్లలు తల ఎత్తుకుని మాట్లాడతారు.

సూర్యాపేట అన్న చెప్పిన నల్గొండ టెక్నిక్ సంగతి మాత్రం నాకు ఈరోజు దాకా తెలియదు. పదో తరగతి దాకా ఆ జిల్లాలోనే చదివాను, ఒక్కరూ చెప్పలేదు. ప్రాజెక్టు ఎలాగూ చేస్తారంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి సార్.


జవాబు 4
గెజిటెడ్ ప్రధానోపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

పై తమ్ముడి మాటను ప్రాజెక్టు మొదటి పేజీలో రాసుకోవాలి. నేను నల్లగొండ జిల్లాలో పనిచేసిన రోజుల్లో ఒక బృందం కెమెరాలతో వచ్చి, కాళ్లు వంగిన వృద్ధులను ఎండలో నిలబెట్టి, పిల్లల పెదవులు పైకెత్తించి మరీ పళ్లకు ఫొటోలు తీసుకుంది. అందులో ఒక్క ఫొటో కూడా ఆ కుటుంబాలకు తిరిగి చేరలేదు. అప్పుడు వద్దనలేకపోయినందుకు నాకిప్పటికీ చిన్నతనంగా ఉంటుంది. కాబట్టి నా సలహా నిష్కర్షగా ఉంటుంది: పళ్లు, ఎముకలు, మనుషులు ఈ ప్రాజెక్టులోకి రాకూడదు. నీళ్లు, రాళ్లు, బోర్లు, లెక్కలు మాత్రమే రావాలి. బోరు యజమాని పేరు కూడా రాయకుండా, ప్రతి బోరుకు ఒక సంఖ్య ఇచ్చి, ఏ సంఖ్య ఎవరిదో చెప్పే కాగితాన్ని మీ బీరువాలో ఉంచుకోండి. ఫలానా వాళ్ల బోరు చెడ్డదన్న మాట పిల్లల నోటి ద్వారా ఊళ్లోకి వెళ్లడం మంచిది కాదు. 1.5 దాటినట్లు కనిపించిన వాటి నమూనాలను గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపి, వారి ఫలితం వచ్చిన తర్వాతే ఆ ఇంటివారికి మీరే స్వయంగా చెప్పండి.

అనుమతుల గురించి. మీ ప్రధానోపాధ్యాయుడి ద్వారా మండల విద్యాధికారికి, అక్కడి నుంచి జిల్లా విద్యాధికారికి ఒక పేజీ దరఖాస్తు పెట్టండి. అందులో ఏ దేశం, ఏ తరగతి, ఎన్ని వారాలు, ఏ సమాచారం బయటికి వెళ్తుంది అన్న నాలుగు విషయాలు స్పష్టంగా ఉంటే అభ్యంతరాలు తక్కువగా వస్తాయి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశంలో చెప్పి, తీర్మానం రాయించుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, సంతకం చేసే తల్లి దాన్ని చదివి లేదా చదివించుకుని అర్థం చేసుకోగలగాలి. పిల్లల సొంత ఫోన్ నంబర్లు, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు అవతలి పిల్లలకు ఇవ్వనివ్వకండి. ఉత్తరాలన్నీ ఇద్దరు ఉపాధ్యాయుల మెయిళ్ల ద్వారానే నడవాలి.

చివరగా డబ్బు. అవతలి పాఠశాలో, వారి వెనక ఉన్న సంస్థో, 'మీ బడికి కిట్లు పంపుతాం, వాటర్ ప్లాంటు పెట్టిస్తాం' అంటే మర్యాదగా వద్దనండి. విదేశాల నుంచి డబ్బే కాదు, వస్తువులు తీసుకోవడం కూడా 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పరిధిలోకి వస్తుంది, అందులో చిక్కుకుంటే మీరు ఆడిట్లకు జవాబు చెప్పుకోవడానికే సరిపోతుంది. పైగా ఒకరు ఇచ్చేవాళ్లు, ఒకరు పుచ్చుకునేవాళ్లు అయిన రోజున అది ఉమ్మడి ప్రాజెక్టుగా మిగలదు.


జవాబు 5
ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు, గురుకుల పాఠశాల, దేవరకొండ

భాష గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మేము తొలిసారి పంపిన ముప్పై ఎనిమిది ఉత్తరాలను నేనే దిద్దాను. దిద్దిన తర్వాత ముప్పై ఎనిమిదీ ఒకే ఉత్తరంలా తయారయ్యాయి: మై నేమ్ ఈజ్ ఫలానా, ఐ యామ్ స్టడీయింగ్ నైన్త్ క్లాస్, మై హాబీ ఈజ్ ప్లేయింగ్ కబడ్డీ. అవతలి తరగతి అందరికీ కలిపి ఒకే ఒక్క జవాబు పంపింది. నేను వాళ్ల స్థానంలో ఉన్నా అదే చేసేదాన్ని.

తర్వాతి ఏడాది పద్ధతి మార్చాను. ముందు తెలుగులో, తమ యాసలోనే, ఒక్క విషయం గురించి ఎనిమిది పంక్తులు రాయమన్నాను: మీ ఇంట్లో నీళ్లు ఎవరు తెస్తారు, ఎక్కడి నుంచి, ఏ పాత్రలో? ఒక పాప రాసిన దాంట్లో ఇలా ఉంది: 'మా అవ్వ ఫిల్టర్ నీళ్లు తాగది. సప్పగ ఉంటయంటది. బోరు నీళ్లు బిందెల పోసుకొని దాని మీద తెల్లబట్ట కప్పుతది.' దీన్ని ఇంగ్లీషులోకి తేవడానికి మాకు రెండు పీరియడ్లు పట్టింది, 'సప్పగ' దగ్గరే సగం పీరియడ్ పోయింది. రుచి లేదు అంటే సరిపోదని, ఉప్పు లేని కూర లాంటిదని వివరించాలని పిల్లలే తేల్చారు. ఆ ఉత్తరానికి అవతలి నుంచి నాలుగు జవాబులు వచ్చాయి, వాటిలో మూడు వాళ్ల నాయనమ్మల గురించే. నేను ఇప్పుడు అర్థం చెడగొట్టే తప్పులను మాత్రమే దిద్దుతున్నాను, మిగతావి అలాగే పోనిస్తున్నాను.

టాంజానియాను ఎంచుకుంటే మీ పిల్లలకు ఇంకో ధైర్యం ఉంటుంది. అక్కడ ప్రాథమిక విద్య స్వాహిలీలో సాగుతుంది, ఉన్నత పాఠశాలకు వచ్చాకే ఇంగ్లీషు బోధన భాష అవుతుంది. చాలామంది ఇళ్లలో మాట్లాడే భాష ఆ రెండూ కాదు. అంటే మనవాళ్లలాగే వాళ్లూ తడుముకుంటూనే రాస్తారు. మీ పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి.

వీడియో కాల్ పూర్తిగా మానేయమనను గాని, చివర్లో పెట్టండి. నాలుగైదు ఉత్తరాలు నడిచిన తర్వాత, ఒక్కో వైపు ఆరుగురు మాత్రమే, ముందే రాసుకున్న ప్రశ్నలతో కూర్చుంటే ఇరవై నిమిషాలు చాలు. ఇక సమయం గురించి అడిగారు కదా, ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పనికి ఎలాగూ అయిదు మార్కులున్నాయి. అట్టల మీద రంగు కాగితాలు అంటించి తెచ్చే ప్రాజెక్టుల బదులు దీన్నే సైన్సుకూ, ఇంగ్లీషుకూ కలిపి చూపించండి. మీ బడిలోని ఇంగ్లీషు టీచర్‌ను మొదటి రోజు నుంచే కలుపుకోండి, చివర్లో దిద్దడానికి మాత్రం పిలవకండి.


అడిగినవారి స్పందన
ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు, మర్రిగూడ మండలం

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మునుగోడు తమ్ముడి మాట, నాగర్‌కర్నూల్ సార్ మాట చదివాక నేను వేసుకున్న ప్రణాళికలోంచి ఒక భాగం కొట్టేశాను. పిల్లల దంతాల పరిశీలన అని అందులో ఒక అంశం పెట్టుకున్నాను, దానికి తరగతిలోనే కొందరు ఎంత ఇబ్బంది పడతారో నాకు తట్టనే లేదు.

నిన్న మధ్యాహ్నం పిల్లలతో కూర్చుని, రంగు చూసే పద్ధతిని వాళ్ల చేతనే రాయించాను. గొట్టాన్ని నీడలోనే చూడాలి, వెనుక తెల్లకాగితం ఉండాలి, చుక్కలు వేశాక సరిగ్గా అయిదు నిమిషాలు ఆగాలి, ముగ్గురు ఒకరికి తెలియకుండా ఒకరు చీటీ మీద అంకె రాయాలి, మూడింటిలో మధ్య అంకెను తీసుకోవాలి. ముగ్గురివీ మూడు దిక్కులుగా ఉంటే నీళ్లు మళ్లీ పట్టాలి. వేపచెట్టు కింద '1.5' అన్న అమ్మాయే, ఆ ముగ్గురు రోజూ మారుతుండాలని చేర్పించింది, ఎప్పుడూ ఒకరే చూస్తే వాళ్లకు ముందే ఒక అంకె మనసులో పడిపోతుందని ఆమె వాదన. సబ్బు నురుగు పరీక్షలో ఏ సబ్బు వాడాలన్నది ఇంకా తేలలేదు. ఇక్కడ దొరికేది అక్కడ దొరకకపోతే కొలతలు పోల్చలేం కదా అని ఒకడు అడిగాడు.

దార్ ఎస్ సలాం సోదరులకు ఒక మనవి. అరూషా వైపు దుకాణాల్లోనూ, మన దగ్గరా దొరికే ఒకే రకం బట్టల సబ్బు ఏదైనా ఉందేమో కనుక్కుని చెప్పగలరా? మహబూబ్‌నగర్ మేడమ్ గారు, మీతో పనిచేసిన పాఠశాల ఉపాధ్యాయుడి అనుమతి తీసుకుని వారి మెయిల్ చిరునామా నాకు విడిగా పంపితే, జూలై రెండో వారంలో మొదటి ఉత్తరం రాస్తాం. మార్చి దాకా ఆగలేం గనుక నీడ ప్రయోగాన్ని సెప్టెంబరు 22, 23 తేదీల్లో చేద్దామనుకుంటున్నాం, మబ్బు లేకుంటే.


జవాబు 1 రాసినవారు
గణిత ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్

తప్పకుండా సార్, ఈ రాత్రే వారికి రాసి అడుగుతాను. సెప్టెంబరులో అయితే సూర్యుడు నడినెత్తికి వచ్చే సమయం మార్చిలో కన్నా పావుగంట ముందే ఉంటుంది, మీ దగ్గర సుమారు 12 గంటల 5 నిమిషాలకు. పన్నెండు కొట్టడానికి పది నిమిషాల ముందు నుంచే రెండేసి నిమిషాలకొకసారి నీడ చివర చుక్క పెట్టించండి, అన్నింటికన్నా పొట్టి నీడే మీకు కావలసింది. మబ్బు మధ్యలో వచ్చినా కొన్ని చుక్కలైనా చేతిలో ఉంటాయి. ఏ దిక్కుకు పడిందో రాయడం మాత్రం మరిచిపోకండి.